అన్నం కాడ మంచి కబురు

"మామ్మా, తాతకి ఆ లమ్మడా పేట చైనా డాక్టరు ఏటి సెప్పినాడు? నా కడుపు కూడా అలగే ఉబ్బిపోతంది."

అడుగు, అడుగు. ముందా ఐసు టీ గళాసు కింద ఎట్టి అడుగు. పన్నెండుకి తినాల్సిన అన్నం మూడింటికి, అదీ సేతిలో ఫోనెట్టుకొని తింటే ఉబ్బదేటి మరి? నాకు సదువు నేదు గాని, ఇది సెప్పడానికి సదువెందుకు.

మీ తాత ఈ రంగం ఊర్లో పజుండౌంగ్ పేట బియ్యం మిల్లులో పని మానీసిన ఏడు అది. కాదు కాదు, ఆ మరుసటేడు. నువ్వప్పుడు టెన్తు సదువుతున్నావు. మనిషికి ఆకలి పోనాది. రెండు ముద్దలు తింటే సాలు, కడుపు డోలైపోనాదే అనీవోడు. కాల్లు లాగీడం, తిన్నెంటనే కునుకు. ఆసుపత్రిలో రగతం తీసినారు, ఫోటోలు తీసినారు. మా పెల్లికి కూడా అన్ని ఫోటోలు తియ్యనేదు. ఏటీ నేదన్నారు. ఏటీ నేకపోతే మనిషెందుకు సిక్కిపోతన్నాడో అదొక్కటీ సెప్పనేదు. నాకు బయ్యమేసినాది. నలబయ్యేల్లు నా ఎదురుగా కూకొని తిన్న మనిషి గదా.

అప్పుడు పక్కింటి డా మ్యా, అదే ఆ బర్మా ఆవిడ, లమ్మడాలో ముసలి సయా, అంటే వైద్యుడు, ఉన్నాడు, సైనా మూలికలిత్తాడు, తీసుకెల్లు అన్నాది. ఆ మందుల్లో పామో తేలో కలుపుతారని మీ తాతకి బయ్యం. నేనే రెక్కట్టుకొని బస్సెక్కించీసాను. మా అయ్య రోజుల్లో ఆ దారంతా రిక్షా మీద దొరల్లాగ ఎల్లీవోలం, రిక్షావోడు మా మేనత్త అప్పయమ్మని సూసి సగం దారిలో దిగమనీవోడు, అంత మనిషి... సర్లే, అదొద్దు.

ఆ సయా మణికట్టు పట్టుకొని సూసినాడు, నాలిక సాపమన్నాడు. నాలిక అంచుల మీద పంటి గాట్లు సూసి, బల్ల నీరసపడిపోనాది అన్నాడు. ఎడం పక్కన ఉంటాదే, మనోల్లు కడుపులో బల్ల అంటారు, అది. తిన్నదాన్ని సత్తువ కింద మార్చీది అదేనంట వాల్ల లెక్కలో. సలవ పడదంట, తడి పడదంట.

పొద్దున్న ఏటి తింటావని అడిగినాడు. మీ తాత సాతీ ఇరుసుకొని, సల్దన్నం అన్నాడు. రాత్రి గెంజిలో నానెట్టిన అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరగాయ. శ్రీకాకులపోల్లం గదా, మా తాతలు రేవులో బస్తాలు మోసింది దాంతోనే. ఆ సయా మొకం సూడాలి, ఎవులో ఇసం తాగొచ్చి సెప్తన్నట్టు సూసినాడు. మానీ అన్నాడు. ఏడి ఏడి బియ్యం జావ, అందులో అల్లం, ఎండిన ఎర్ర రేగుపల్లు, పెండలం దుంప. ఏలకి తిను, నమిలి తిను, తిన్నాక వందడుగులెయ్. రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే అంటారు. మా ముసలోడికి ఆ అదృష్టం నేదు.

ఆకర్న ఇంకోటన్నాడు. దిగులు, ఎక్కువ ఆలోచన బల్లని తినీస్తాయి, అన్నం కాడ దిగులు మాటలు వొద్దు అని. ఓలమ్మా! ఇప్పుడు యాంగాన్ అంటన్నారు గాని మాకు రంగమే, ఈ రంగంలో ఉండి దిగులు పడొద్దంట! ఆయనామాట అంటన్నప్పుడే కరెంటు పోయి, ఆయన కొట్లో ఫ్యాను ఆగిపోనాది.

అప్పుడు మీ తాత నా యేపు సూసినాడు. ఆయన సూసినాడని సయా కూడా సూసినాడు. ఏటా సూపులు? నువ్వే సెప్పు, ఆడది మొగుడికి ఇంటి సంగతులు ఎప్పుడు సెప్తాది? అన్నం కాడే గదా! మిగతా పొద్దంతా దొరుకుతాడేటి? మా అమ్మా అంతే, మా అత్తా అంతే. పప్పు వొడ్డించి ఇంటద్దె, పులుసు వొడ్డించి కారిపోతన్న కప్పు, మజ్జిగ పోసి మీ నాన్న ఉజ్జోగం. నలబయ్యేల్లు అలగే వొడ్డించాను. ఆకరికి మనిషికి రోగం నేనే అయిపోనాను.

సరే, నోరు కట్టీసుకున్నాను. జావ పొయ్యడం, ఎదురుగా కూకోడం. మూడో రోజుకి మీ మేనత్త, ఏటమ్మా తగువాడుకున్నారా అనడిగింది. అయిదో రోజుకి కోవిల పెద్దలు ఇద్దరొచ్చీసినారు, రాజీ సెయ్యడానికి. మాటాడకుండానే టీ ఇచ్చాను. మరింత గట్టిగా నమ్మీసి ఎల్లినారు.

వారం తిరిగీసరికి మీ తాత గిన్ని పక్కకి తోసీసి, "నువ్వు మాటాడకపోతే ముద్ద దిగట్నేదే" అన్నాడు. నాకు సిరాకేసింది, నవ్వొచ్చింది, ఏడుపూ వొచ్చింది. దిగులు మాట వొద్దు, ఊరకుండడమూ వొద్దు. ఇంకేటి సెయ్యను? పూటకో మంచి కబురు సెప్పాలని ఒప్పందం సేసుకున్నాం.

మంచి కబురు ఎతకడం అంటే ఏటనుకున్నావు! దానికోసం పబేడాన్ బజారంతా తిరిగీదాన్ని. మొదట్లో దొరికీవి. డా మ్యా పిల్లి పిల్లలెట్టినాది, ఇయాల కరెంటు గంట ముందే వొచ్చినాది, అలగ. రాన్రానూ దొరకనేదు. అబద్దాలు మొదలెట్టాను. పిల్లల్నేనోల్లకి పురుడు పోసాను, కాలిరిగినోడిని నడిపించీసాను, ఊరొదిలి ఎలిపోనోడికి పెల్లి సేసీసాను. మీ తాత తలాడించుకుంటా తినీవోడు. ఎర్రిబాగులోడు, అన్నీ నమ్మీసాడనుకున్నాను. ఒంటికి కాస్త కండ కూడా పట్టినాది. జావకా, నా అబద్దాలకా అంటే, సయా మాత్రం జావకే అన్నాడు.

నాలుగేల్లు అలగే లాగించాం. పోయినేడు వానల్లో మంచం పట్టినాడు. అది బల్ల కాదు, గుండె. ఓ మజ్జేన్నం జావ పట్టుకొచ్చి పక్కన కూకున్నాను. ఒక్క అబద్దం తట్టనేదు నాకు. ఆయనే నన్ను సూసి, "ఇయాల కబురు నేను సెప్తానే" అన్నాడు. ఏటది అన్నాను.

"ఆకలేస్తంది" అన్నాడు.

పరుగెట్టాను. ఉన్న జావ పారబోసి, అల్లం దంచేసి, మల్లా ఏడిగా కాసి తెచ్చాను. రెండు సెంచాలు నోట్లో పోసాను. అలగే ఉండిపోనాయి, మింగనేదు. అవే ఆకరి సెంచాలు. ఆకలీ నేదు, ఏటీ నేదు. నన్ను నవ్వించడానికి నాలాగే అబద్దమాడినాడు. అంటే నాలుగేల్లూ నా కబుర్లన్నీ అబద్దాలని తెలిసే తిన్నాడన్నమాట ముసలోడు.

ఏటలగ సూత్తన్నావు? తినీకాడ కల్లనీల్లెట్టుకోకూడదు. ఆ ఫోను ఇలగియ్యి. తిను, సల్లారిపోతంది. నీకు నూరేల్లూ నిజం ఆకలే ఎయ్యాలి, తల్లీ.