గాలి మింగిన సగం మాట

ఏమన్నావ్? మీరుస్ తెమ్మన్నావా? ఏ మీరుస్, అమ్మాయ్? పొయ్యి దగ్గర నిలబడి అలా సగం సగం అరిస్తే నాకేం తెలుస్తుంది! కాయ మీరుసా, ఆసేమీరుసా? మిరపకాయా, మిరియమా? మొత్తం మాట చెప్పాలి. నవ్వకు. ఈ ఇంట్లో ఆ మాట సగం చెప్పకూడదు. మీ అత్త ఎప్పుడూ చెప్పలేదూ? ఆవిడకి మాత్రం ఏం గుర్తులే, అప్పటికి కళ్ళు కూడా సరిగ్గా విప్పని పసిగుడ్డు. ఇలా కూర్చో. ఆ ఉల్లిపాయలు ఇటివ్వు, నేను తరుగుతాను. చెయ్యి ఆడుతుంటే గానీ నాకు నోరాడదు.

సీదీ బావ సంగతి చెప్తున్నాను. మీ అత్తకి కన్నతండ్రి, మా అక్క హవ్వాకి మొగుడు. పొడుగ్గా, కొబ్బరిచెట్టులా ఉండేవాడు. సముద్రం మీద అంత పనివాడు మన దీవిలో లేడు. కానీ ఒక తెగులు ఉంది మనిషికి. వినపడకపోతే "ఏంటీ, మళ్ళీ చెప్పు" అనడం చేతకాదు. విన్నది విన్నట్టు, విననిది కూడా విన్నట్టే. దోణి మీదుంటే అరచెయ్యి తలమీదకి ఎత్తేవాడు, విన్నానూ అని. మా అమ్మ వేళాకోళం చేసేది: "అల్లుడుగారి చెవులు మూసుకున్నా చెయ్యి మాత్రం లేస్తుంది." ఆయన పగలబడి నవ్వేవాడు. "నీ కూతురి మాట ఒక్కటి వినపడితే చాలు కదత్తా" అనేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. నాకూ అప్పుడే కొత్తగా పెళ్ళయింది. మాలే నుంచి సరుకుల పడవ రావడం మానేసింది. బియ్యం లేవు సరే, బియ్యం లేకపోతే చేమదుంప తిన్నాం, సీమపనస తిన్నాం. కారం లేదు చూడు, అది చంపేసింది మమ్మల్ని. జీలకర్ర లేదు, ధనియాలు లేవు, ఎండుమిరప అడుగంటింది. ఉడికించిన దుంప, ఉప్పునీళ్ళ చేప, పొద్దున అదే, సాయంత్రం అదే. నోట్లో పెట్టుకుంటే గొంతు దిగదు. తిండి ఎదురుగానే ఉంటుంది, మనిషి చిక్కిపోతుంటాడు. ఇప్పుడు ఆరోగ్య కేంద్రంలో ఆ నర్సు పిల్ల లేదూ, చిటికెడు మసాలాలో బలం ఎంతుంటుందమ్మా అంటుంది. ఉండకపోనీ. దుంపనీ చేపనీ కడుపులోకి లాక్కెళ్ళేది ఆ చిటికెడే కదా!

హవ్వా అక్క ఆ వానగాలుల్లోనే ప్రసవించింది. చాలా రక్తం పోయింది. పెదవులు తెల్ల గుడ్డలా అయిపోయాయి. ముద్ద పెడితే మొహం తిప్పేసుకుంటుంది. పాలు పడలేదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి పిల్లికూనలా మూలుగుతోంది. మంత్రసాని కంబూ అని ఉండేది, నోరు కత్తి. గుమ్మంలో నిలబడి సీదీ బావని చూసి అంది: "ఏం, స్తంభానికి కాపలానా? అవతలి దీవిలో పెద్దింటివాళ్ళ దగ్గర దినుసులున్నాయట. పో! దీని ఒంట్లో వేడి పుట్టాలి. లేకపోతే తల్లీ ఉండదు, పిల్లా ఉండదు." ఆ మాట పూర్తవకుండానే ఆయన ఒడ్డుకి పరిగెత్తాడు. ఏ దినుసు తేవాలో అడగలేదు. ఆవిడా చెప్పలేదు. దోణి అలలు దాటుతుంటే గుర్తొచ్చి, కంబూ నడుందాకా నీళ్ళలోకి దిగి అరిచింది, "ఆసేమీరుస్! ఆసేమీరుస్!" అని. ఎదురుగాలి. అరచెయ్యి లేచింది.

ఆ పూటంతా అక్క పక్కనే కూర్చున్నాను. చేతులు చల్లగా... ఈ కత్తి మొండిదయిందే, పదును పెట్టించు. ఏం చెప్తున్నాను? ఆఁ. వచ్చాడు. బతికి వచ్చాడు, అదే గొప్ప. ఒళ్ళంతా ఉప్పు కట్టి, కళ్ళు ఎర్రగా. భుజాన ఏం మోసుకొచ్చాడనుకున్నావ్? మిరప కొమ్మలు! ఆ పెద్దింటివాళ్ళ పెరట్లో కాయలు కోసే తీరిక కూడా లేక ఆకులతో సహా విరిచేసి, మోపు కట్టి తెచ్చాడు. గాలి "ఆసే"ని మింగేసి "మీరుస్" ఒక్కటే ఆయనకి ఇచ్చింది మరి.

కంబూ మొహం చూడాలి! "బాలింతకి పచ్చి మిరపా? పాలు మండి పిల్ల కళ్ళు పోతాయి! ఆసేమీరుసయ్యా బాబూ, మిరియాలు! చెవులున్నాయా, ఉప్పునీళ్ళు నిండాయా? పెళ్ళాం చస్తుంటే తోటపని చేసుకొచ్చాడు!" ఆయన అక్క వైపు చూశాడు. మోపు అక్కడే కింద పెట్టి వెనక్కి తిరిగాడు. నేను అడ్డం వెళ్ళాను: "బావా, సముద్రం చూశావా? కాస్త ఆగు." "నువ్వు పక్కకి జరుగు మరదలా" అన్నాడు. అంతే.

మా అమ్మ ఇదంతా పట్టించుకోలేదు. ఆ కొమ్మలు ఒళ్ళో వేసుకుని ఆకు దూస్తోంది. "కాయ వద్దంటే వద్దు, ఆకు ఏం చేసిందే?" అంది కంబూతో. ఆకు సన్నగా తరిగి, కొబ్బరి కోరి, కుండ అడుగున మిగిలిన రిహాకురు, అదే, చేపల గుజ్జు, గరిటెడు వేసి కలియబెట్టింది. కాయ లేకపోయినా ఆ ఆకుకో వాసన ఉంటుంది చూడు, ఘాటుకి ముందు వచ్చే పచ్చి వాసన. గది నిండిపోయింది. అప్పుడు అక్క కళ్ళు తెరిచింది. "అమ్మా, ఏం వండుతున్నావే?" అంది. మాకు చేతులాడలేదు. కంబూయే ముందు తేరుకుంది, "పెట్టవే, చూస్తావేం!" అని అమ్మ మీద పడింది. తినిపించిందీ కంబూయే. దుంప, ఆ కూర, దుంప, ఆ కూర. ఇంకా అని నోరు తెరిచింది అక్క, పిట్టపిల్లలాగ.

నేను ఒడ్డుకి పరిగెత్తాను. దోణి అప్పుడే పగడపు గట్టు దాటబోతోంది. కంబూ కూడా నా వెనకాలే, పెద్దది, రొప్పుకుంటూ వచ్చింది. ఇద్దరం గొంతులు చిరిగేలా అరిచాం. "మీరుస్ అక్కర్లేదు! తింది! వెనక్కి వచ్చెయ్! మీరుస్ వద్దూ!" గాలి అప్పటికి తిరగబడి ఒకసారి అటు, ఒకసారి ఇటు కొడుతోంది. ఆయన తల తిప్పాడు. చూశాడు మమ్మల్ని.

అరచెయ్యి ఎత్తాడు.

ఆ దోణి మళ్ళీ రాలేదు. వానలు వెలిశాక అవతలి దీవి వాళ్ళు వచ్చి చెప్పారు. చేరాడట. ఆ పెద్దింటి గుమ్మంలో నిలబడి, "ఆసేమీరుస్ అంటే నల్లటివే కదా, గుండ్రటివే కదా" అని మళ్ళీ మళ్ళీ అడిగాడట. వాళ్ళు గుప్పెట్లో పోసి చూపిస్తే, ఇంకోసారి చెప్పండి అన్నాడట. చెప్పించుకుని, పొట్లం నడుముకి బిగించి కట్టుకుని, గాలి తగ్గేదాకా ఉండమంటే వినకుండా బయల్దేరాడట.

ఆసేమీరుసేనా నీకు కావాల్సింది? పైఅరలో నల్ల మూత డబ్బా. కాదు, దాని పక్కది. ఉల్లిపాయలు అయిపోయాయి, ఇంకేమన్నా తరగాలా?