సగం కుట్టిన గౌను

1990 జూలై రెండవ తేదీన మా వారపత్రిక కార్యాలయంలో ప్రూఫ్ రీడరుగా అడుగుపెట్టిన మిత్రవర్యులు, ఈ నెలాఖరున కథావిభాగ సంపాదకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. తొలిరోజున వారికి చూపిన కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద అట్టముక్క మడిచిపెట్టి పనికి కూర్చున్నారు. అట్ట అనేకసార్లు మారింది గానీ కుర్చీ మారలేదు.

కొన్నేళ్లకు ఉపసంపాదకులై నా ఎదుటి బల్లకు వచ్చారు. కథకు ప్రాణం సంఘటనా, పాత్రా అన్న విషయంలో మాది మొదటినుంచీ ఉప్పూ నిప్పూ వ్యవహారం. ఏ కథ చదివినా వారు “ఇంతకీ ఎవరండీ ఈ మనిషి?” అనేవారు, నేను “తర్వాతేంటి?” అనేవాణ్ణి. అందుకే ఆఫీసులో వారు ‘ఎవరండీ గారు’, నేను ‘తర్వాతేంటి గారు’ అయ్యాం.

ఒక ధారావాహిక చివరి భాగం మిగిలి ఉండగా రచయితకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అచ్చుకు ఒక్కపూటే గడువు. ముగింపు రాసే భారం నా మీద పడింది. నాయిక ఇంట్లో బట్టలు కుట్టే ఇల్లాలు, భర్త చేసిన మోసం అప్పుడే తెలుసుకుంది. నేను ఆమె చేతికి సంచీ ఇచ్చి పొద్దుటి రైలెక్కించేశాను. నా మటుకు నాకు అద్భుతంగానే తోచింది. మిత్రులు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఈవిడ ఇలా వెళ్లదండీ. పోయినవారం భాగంలో మిషను మీద ఎవరిదో గౌను సగం కుట్టి ఉంది కదా. అది వదిలేసి గడప దాటే మనిషి కాదు.”

గౌను కోసం కథ ఆపితే పాఠకుడు కునుకు తీస్తాడని నేను వాదించాను. ప్రెస్సు ఫోర్‌మన్ వచ్చి గుమ్మంలో నిలబడి, మా ముఖాలు చూసి వెళ్లిపోయాడు. మిత్రులు నా రైలు జోలికి పోకుండా దాని ముందు ఒక్క పేరా చేర్చారు. ఆమె గౌను పూర్తిచేసి, గుండీలు కుట్టి, దారం కొరికి, మడతపెట్టి, సొంతదారుకు అప్పగించి, అప్పుడు స్టేషనుకు బయల్దేరింది.

కొన్ని నెలలకు రచయితకు మాట వచ్చిందని తెలిసి ఇద్దరం చూడబోయాం. ఆ భాగం కూతురిచేత చదివించుకున్నారట. “గౌను అప్పగించేదాకా నేనే రాసినట్టుంది. ఆ తర్వాతది ఎవరు రాశారు?” అని అడిగారు. నేను కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడ్డాను. తిరిగి వస్తూ బస్సులో మిత్రులే, నా రైలు లేకపోతే తన గౌను ఎవరూ చదివేవారు కారని సర్దిచెప్పారు. అది వారి మంచితనం, నేను నమ్మలేదు.

ఈ సంచికకు వారి జీవితంలోని ముఖ్య సంఘటనలు రాయమన్నారు. వెతికితే ఒక్కటీ దొరకలేదు. ప్రధాన సంపాదకత్వం ఇస్తామంటే కథలు చదివే తీరిక పోతుందని వద్దన్నారు. ఆ ఒక్క సంఘటననూ జరగనివ్వలేదన్నమాట.

మొన్న చూస్తే, ఒక కొత్త రచయిత్రి నవల సగం దిద్ది వారి బల్ల మీద ఉంది. ఆమెకిది మొదటి పుస్తకం. మీరు వెళ్లాక దీన్ని పట్టించుకునేదెవరని బెంగపడి రెండుసార్లు వచ్చివెళ్లింది. మిగతాది నేను చూస్తాను, విశ్రాంతి తీసుకోండన్నాను. వారు తలెత్తకుండానే అన్నారు.

“సగం కుట్టి వెళ్లిపొమ్మంటారా?”

ఆ రాతప్రతి ఇప్పుడు రోజూ ఇంటికి కూడా ప్రయాణం చేస్తోందని వదినగారు ఫోనులో నవ్వుతూ ఫిర్యాదు చేశారు.

వాదంలో ఓడిపోయానని ఇందుమూలంగా లిఖితపూర్వకంగా అంగీకరిస్తున్నాను. సంఘటనలు లేని ఈ మనిషి గురించి ఇంత రాశాక వేరే దారి లేదు. అయితే నా పాత ప్రశ్నను మాత్రం వదులుకోను. ఆ నవల అచ్చయి, గుండీలు కుట్టడం పూర్తయ్యాక, వారం వారం వారింటికి వెళ్లి “తర్వాతేంటి?” అని అడుగుతాను. మిత్రులూ వదినగారూ సంపూర్ణ ఆరోగ్యంతో, ఏ గడువూ లేని తీరికతో, నిండు నూరేళ్లూ నాకు జవాబు చెబుతూ ఉండాలి.