రోజూ ఒకటో తేదీ

ప్రొద్దుటూరు. ప్రమీలమ్మ ఇంటి వాకిలి. వచ్చినవాడు ఆమె మరిది రాజశేఖర్. ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గర కంప్యూటరు చూసే ఉద్యోగం.

“అది కాదు వదినా, ఇంట్లో అందరూ బాగుండారా అని...”

“యాడ బాగుంటాం? మా కొళాయిలో నీళ్ళు చూసి వారమాయె. మీ వీధికేమో రోజూ నీళ్ళే! నీ పెండ్లాం ఓబులమ్మ కడిగిన వాకిలే కడుగుతాంది, మల్లెచెట్టుకు కూడా పైపు పెడతాంది. చూస్తాంటే నా కడుపు మండిపోతాంది అబ్బీ!”

“నేనేమన్నా కావాలని...”

“మరి? బేసి తేదీ మీ వీధికి, సరి తేదీ మా వీధికి అని చెప్పింది నువ్వే కదా? సరి తేదీ మాకు రాదా? తోడికోడలి ముందర నన్ను ఖాళీ బిందెతో నిలబెట్టాలనే కదా?”

“నేను కాదు వదినా, కంప్యూటరు. దాంట్లో తేదీ గుర్తుపెట్టుకునే సెల్లు అయిపోయింది. రోజూ తెల్లార్జామున కరెంటు పోతాంది, వచ్చినప్పుడల్లా తేదీ ఎనక్కిపోయి ఒకటి పడతాంది. ఒకటంటే బేసి. మా వీధికే నీళ్ళు వదుల్తాంది.”

“రోజూ ఒకటో తేదీనా! నువ్వు చూసుకోలేదా?”

“నీళ్ళొస్తాంటే తేదీ ఎవురు చూస్తారు వదినా?”

“మీ ఇంటికొస్తాంటే చూడవులే! మా ఇంటికే వస్తాండుంటే ఓబులమ్మ నిన్ను ఆ పొద్దే తరిమేది.”

“ఆ మాట వదిలెయ్. ఒకటో తేదీ ట్యాంకు కడిగే దినం. ఆ పొద్దు కంప్యూటరు క్లోరిన్ మందు ఆపేస్తాది. ఆ నీళ్ళు తాగొద్దని నెలనెలా మైకులో చెప్తాంటాం కదా...”

“అంటే?”

“వారంగా మా వీధికి వచ్చినవన్నీ మందు లేని నీళ్ళే. వాంతులు, భేదులు. రాత్రి నుంచి సగం వీధి పెద్దాసుపత్రిలోనే ఉండాది. ఓబులమ్మకు గ్లూకోసు ఎక్కిస్తాండారు.”

“అయ్యో, పాపం... రోజూ నీళ్ళని మిడిసిపడె, ఇప్పుడు చూడు. సరేలే, నా నోరు మంచిది కాదు. బాగైతాదా?”

“అయితాదంట. నేనొచ్చింది...”

“అయితే మా శిల్ప సంగతి ఇప్పుడే చెప్పాకు ఆయమ్మకు. మంచంలో ఉండి కుళ్ళుకుంటాది.”

“ఏం సంగతి? పాప పులివెందల అత్తగారింటి నుంచి వచ్చిందని విన్యా, రాత్రీపగలు ట్యాంకు కాడే ఉండి చూడ్లేదు.”

“నెల తప్పినట్టుండాది! నిన్నట్నుంచి ఒకటే వాంతులు. జమ్మలమడుగులో ఇచ్చిన మీ పాపకు మూడేండ్లైనా లేదే, మా శిల్పకు ఏడాది తిరక్కముందే! నీళ్ళు ఆయమ్మకిచ్చినా, మనవడిని దేవుడు నాకే ముందిస్తాండాడు. వీధంతా చక్కెర పంచినా.”

“వదినా... శిల్ప యాడి నీళ్ళు తాగుతాంది?”

“నేనైతే క్యాను కొనుక్కుంటా గాని మీ గడప తొక్కను. దానికేముంది, వచ్చిన కాడ్నుంచి పిన్నమ్మ ఇంట్లోనే స్నానం, ఆడే అన్నం, ఆడే నీళ్ళు.”

“వాంతులొక్కటేనా వదినా? భేదులు కూడానా?”

“పొద్దుట్నుంచి బాత్రూము కాడికే తిరుగుతాంది... అబ్బీ, బండి తియ్! నా బిడ్డను ఎత్తుకో!”