వృద్ధాప్యం అర

కడపలో ఒక గ్రంథాలయం. భార్య రాసిన పరిశోధన గ్రంథం పట్టుకుని ఒకాయన సూచిక రాసే ఉద్యోగి ముందు నిలబడ్డాడు.

"వయోజన విద్య మీద నా పెండ్లాం రాసినదాన్ని ముసలోళ్ల అరలో ఎందుకు పెట్టినావప్పా?"

"వయో అని ఉండాది గదన్నా. వయోవృద్ధులనుకుని వృద్ధాప్యం కింద చేర్చినా."

"మంగంపేట గనుల్లో రాళ్లు మోసే పడుచోళ్లకు చదువు చెప్పి రాసింది. వాళ్లు ముసలోళ్లా? లోపల ఒక్క పేజీ తిప్పినావా?"

"కోప్పడొద్దన్నా. ఇన్నేండ్లలో ఎవరూ అడగలేదు."

"వయోజన విద్యలో వెతికినోళ్లకు ఈడ దొరుకుతాదా?"

"ఇప్పుడే మారుస్తాన్లే. అక్కను రమ్మను, ఆమె ముందరే సరైన అరలో పెడతా."

"యాన్నుంచి రమ్మనేది? నువ్వు వృద్ధాప్యంలో పెట్టినావు. ఆమె ఒక తెల్లవెంట్రుక గూడా చూడకుండానే పోయింది."