జొన్నచేలో కడియం

అల్లూరికి మూడు మైళ్ళ దూరాన, జయరామయ్య జొన్నచేను గట్టు. ఆయన పక్కన గడ్డపార, ఎదురుగా ఆయన ట్రాక్టరు డ్రైవరు సైదావలి.

“అది కాదు సైదావలీ, నరసయ్యకు అబద్ధం చెప్పాల్సిన పనేంది? కల్లు దించేదానికి తాటిచెట్టెక్కి పైనుంచి చూసినాడంట. చేలో జొన్నంతా ఛాతీ ఎత్తు. నడిమధ్యలో మాత్రం గుండ్రంగా, కడియం మాదిరి, మోకాలెత్తు. ఊరంతా చెప్పేసినాడు.”

“కల్లు దించేవాడి మాట గదన్నా. రుచి చూసుంటాడు.”

“నేను చూళ్ళేదే రుచి! నా కంటికీ గుండ్రంగానే కనబడింది.”

“విత్తనం లోపమేమో.”

“విత్తనం గుండ్రంగా చెడిపోతాదా?”

“పురుగేమన్నా...”

“పురుగు కూడా గుండ్రంగానే తింటాదా? చెంచమ్మత్తయితే ఎవరో చేతబడి చేసినారంటా ఉండాది.”

“అదే అయ్యుంటాదన్నా. పెద్దామె, ఊరికే అనదు.”

“నువ్వెప్పటినుంచి నమ్మతా ఉండావు చేతబడిని?”

“ఎండ ఎక్కతా ఉండాది. ఇంటికి పోదామన్నా.”

“ఉండు. ఈ గడ్డపార పట్టుకో. ఇక్కడ, పైరు బాగుండే దగ్గర పొడువు. మూరెడు దిగిందా? ఇప్పుడు ఆ గిడసబారిన దగ్గర పొడువు.”

“దిగింది గదా.”

“జానెడే దిగింది. నొక్కు.”

“నొక్కతానే ఉండానన్నా. కింద రాయుండాదేమో.”

“రాయయితే ఒక చోట ఉంటాది. పొద్దున్నించి ఇరవై చోట్ల పొడిచినా. అన్నిచోట్లా జానెడు కింద బండ మాదిరే ఉండాది. బ్లాకాఫీసు నుంచి గ్రామసేవక్ వచ్చి చూసిపోయినాడు. ఏమన్నాడో తెలుసా?”

“ఆయన కొత్తోడు, ఆయనకేం తెలుసు...”

“వానకు తడిసిన నేల మీద ట్రాక్టరు పోయిన దోవలోనే మళ్ళీ మళ్ళీ పోతే, ఆ బరువుకు లోపలి మట్టి అణిగి గట్టిపడిపోతాదంట. పైపైన మడకతో దున్నితే మెత్తగానే కనబడతాది. కిందికి మాత్రం నీళ్ళు ఇంకవు, వేళ్ళు దిగవు. నీ చేలో ట్రాక్టరు ఒక తూరి కాదు, వంద తూర్లు తిరిగుంటాదన్నాడు.”

“వంద లేదన్నా.”

“ఆఁ?”

“అదే... అన్ని తూర్లు ఎవరు తిప్పతారు, పని లేకుండా, అంటా ఉండా.”

“ఊళ్ళో ట్రాక్టరు తోలేది నువ్వొక్కడివే. చెప్పు.”

“నేనేలే అన్నా. నేనే తోలినా.”

“తడి ఆరకుండా చేలో దిగకూడదని నాకు నేర్పిందే నువ్వు గదా. గుండ్రంగా ఎందుకు తిప్పినావు?”

“ఇంజను బాగుచేసి... ఎట్టా పోతా ఉండాదో చూద్దామని.”

“సైదావలీ, ఆరేళ్ళుగా నిన్ను నమ్మినా. పైరు పోయినందుకు కాదు నా బాధ. మొహం మీదే అబద్ధం చెప్తా ఉండావు చూడు, దానికి. రేపటినుంచి పనికి రాబాక.”

“సరే అన్నా.”

“సరేనా? ఆరేళ్ళకు అంతేనా మాట?”

“అతన్ని పంపించబాకండి. తోలింది నేను.”

“శేషమ్మా! నువ్వెప్పుడొచ్చినావే?”

“మజ్జిగ తెచ్చినా. గడ్డపార పొడిచేటప్పటినుంచి మీ వెనకాలే నిలబడుండా.”

“వదినా, మీరు ఊరుకోండి...”

“నువ్వు ఊరుకో సైదావలీ. నా కోసం పని పోగొట్టుకుంటావా? ఏమండీ, వానలు వెలిసినాక, విత్తనం వేయకముందు, మీ చెల్లెలు మిద్దె వేయించుకుంటా ఉంటే మీరు సంగం ఊళ్ళో పది దినాలుండారే, అప్పుడు నేర్చుకున్నా. తడి ఆరనీ వదినా అని ఇతను మొత్తుకున్నాడు. మీరొచ్చేస్తారని నేనే వినలేదు.”

“నువ్వు ట్రాక్టరు తోలినావా? చీర కట్టుకోనా?”

“చీర దోపుకొని.”

“సరే, గుండ్రంగా ఎందుకు?”

“స్టీరింగు కుడిపక్కకు తిప్పేదొకటే వచ్చింది. నేరుగా పోతే గెనిమ గట్టు దాటి కాలవలో పడతామని మడ్‌గార్డు మీద కూర్చొని ఇతనొకటే వణుకు.”

“నిజమే అన్నా. మూడు తూర్లు కిందికి దూకేసినా.”

“నన్ను నవ్వించబాకండి ఇద్దరూ. నీకెందుకే ట్రాక్టరు? తోలేదానికి ఇతనుండాడు గదా.”

“పోయిన ఎండాకాలం మీకు కడుపునొప్పి వచ్చిన దినం ఇతను లేడు. అత్తగారి ఊరికి పోయుండాడు. మీ తల ఒళ్ళో పెట్టుకొని అల్లూరు దాకా ఎద్దులబండిలో తీసకపోయినా. ఇంకో గంటయితే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. మీకు చెప్పలేదు నేను. ఆ మూడు మైళ్ళూ నా కళ్ళకు కొట్టంలో ఊరికే నిలబడుండే ట్రాక్టరే కనబడతా ఉండింది.”





“సైదావలీ, రేపు పొద్దున్నే రా. ఈమెకు ఎడంపక్కకు తిప్పేది కూడా నేర్పిద్దాం. చేలో కాదు, రోడ్డు మీద. రెండో మడ్‌గార్డు మీద నేను కూర్చుంటా.”