హులిగమ్మ మొగాన పొడిచిన పొద్దు

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో అశ్విని నడిపే బ్యూటీ పార్లరు ఇరవై రోజులుగా మూతపడి ఉంది. అట్లని తాళం ఏమీ వేయలేదు. తలుపు తీసే ఉంటుంది, పూల కర్టెను దించి ఉంటుంది, దాని వెనకాల అశ్విని కూర్చుని ఉంటుంది. ఎవరైనా వచ్చి పిలిస్తే, "వచ్చే వారం రాండక్కా" అని లోపలి నుంచే జవాబు వస్తుంది.

కారణం ఒక క్రీము. ఫోనులో ప్రకటన చూసి తెప్పించింది. ఏ కొత్త సరుకు వచ్చినా ముందు తన ముఖానికి రాసుకుని చూసి, ఆ తర్వాతే వచ్చినవాళ్లకు రాయడం అశ్విని పద్ధతి. ఈ క్రీము మొదటి వారం ముఖాన్ని తెల్లగా నిగనిగలాడించింది, రెండో వారం మంట పెట్టింది, మూడో వారానికి రెండు చెంపలూ కమిలి నల్లబడి, అక్కడక్కడా ఎర్రగా పొలుసులు లేచాయి. ఆదోనిలో చర్మం డాక్టరమ్మ చూసి, ఆ క్రీము తక్షణం మానేయమంది, ఎండలోకి పోవద్దంది, నాలుగైదు నెలల్లో తగ్గుతుందిలే అని ధైర్యం చెప్పింది. ఆ నాలుగైదు నెలలూ ముఖం దాచుకుని పార్లరు ఎట్లా నడపాలో మాత్రం చెప్పలేదు. పార్లరు పిల్ల ముఖమే అట్లుంటే మన ముఖాలు ఆమె చేతికి ఎట్ల ఇస్తామని వీధంతా అనుకుంటుందని అశ్వినికి గట్టిగా అనిపించింది. అద్దం మీద తువ్వాలు కప్పేసింది. కళ్లు మాత్రం కనపడేట్టు తను చున్నీ చుట్టుకుంది. పార్లరు ఎత్తేసి ఇంట్లో కూర్చోవడమే మేలని నాలుగు రోజులుగా అనుకుంటోంది.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. మధ్యాహ్నం మూడైనా వెలుతురు పొద్దున ఆరింటికి ఉన్నంతే ఉంది. పక్కింట్లో మగ్గం ఒకే తీరుగా, వినేవాళ్లకు నిద్ర వచ్చేట్టు టకటకలాడుతోంది. పార్లరు ముందరి అరుగు మీద హులిగమ్మ రాట్నం పెట్టుకుని కండెలకు నూలు చుడుతోంది. అరవై దాటిన మనిషి. పుట్టిల్లు కర్ణాటక పొలిమేరలో హాలహర్వి. నరసింహులు అనే నేతగాణ్ణి చేసుకుని నలభై ఏళ్ల కింద ఈ వీధికి వచ్చింది. రాట్నం ఎంతసేపు తిరిగితే హులిగమ్మ నోరూ అంతసేపు తిరుగుతుందని వీధిలో పేరు. ఆమె ఎదురుగా గాజులమ్మే హమీదాబీ బుట్ట దించుకుని కూర్చుంది. అంగన్‌వాడీలో పనిచేసే మేరి కనుబొమ్మలు తీయించుకుందామని వచ్చి, మూడోసారి కూడా 'వచ్చే వారం' అనే మాటే విని, వెంటనే పోబుద్ధి కాక మెట్టు మీద చతికిలబడింది.

"పాపం, ఆ పిల్ల మొగం ఎట్లుండాదో," అంది మేరి గొంతు తగ్గించి. కర్టెను పలుచన. అశ్వినికి వినబడింది.

"మొగం బాగ లేకపోతే ఒక తిప్పలు మే," అంది హులిగమ్మ, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "మరీ బాగైపోతే వంద తిప్పలు. నేను పడినా కదా."

"నువ్వెప్పుడు పడినావు వదినా," అంది హమీదాబీ. అడగకపోయినా చెబుతుందని ఆమెకు తెలుసు. అడిగితే తొందరగా మొదలవుతుందని అడిగింది.

"కరోనా పోయిన మరుసటేడు తుగ్గలికి పెండ్లికి పోయినా. అప్పుడు నాకు రెండు చెంపలా మంగు మచ్చలు, ఎండకు తిరిగి తిరిగి వచ్చింది. తుగ్గలిలో తొలకరి పడితే జనం సేన్లలో వజ్రాలు ఎతుకుతారు కదా, నేనూ పెండ్లి బువ్వ తిని, చీర ఎగ్గట్టుకోని దిగినా. వజ్రం యాడిది, కాలు జారి బోర్లా పడినా. మొగమంతా ఎర్రమట్టి. కడుక్కుందామంటే దగ్గర్లో నీల్లు ల్యా, అది అట్లనే ఆరిపోయింది. సాయంత్రం బస్సెక్కే ముందర బోరింగు కాడ కడుక్కుంటే, పక్కనున్నామె అంటాంది, ఏమమ్మా, నీ మంగు రవంత తగ్గినట్లుండాదే అని. అంతే. రవంత. నేనేమన్నా ఎక్కువ సెప్తాండానా?"

"ఇంతవరకు ల్యా," అంది మేరి.

"ఆ సేన్లో ఎన్ని వజ్రాలు నలిగి పొడైపోయింటాయో ఎవరికి తెలుసు. మళ్లా పోయి టిఫిను క్యారేజీ నిండా ఆ మట్టి ఎత్తుకోనొచ్చినా. పెరుగులో కలిపి మూడు దినాలు పూసినా."

లోపల అశ్విని తల అడ్డంగా ఊపింది. పొలం మట్టి ముఖానికి పూస్తే ఏమవుతుందో పార్లరు నడిపే మనిషికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయినా చెవి అటే పెట్టింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో దినం కడుక్కోని ఇంట్లోకి పోతే, మా ఇంటాయన మగ్గంలో నుంచి, లైటు ఎవరేసినారు అన్నాడు. లైటు యాడిది, పొద్దన్నుంచి కరెంటే ల్యా. తెగిన పోగు కనపడక మొగం మగ్గానికి ఆనించే మనిషి, నన్ను పీటేసి ఎదురుగా కూసోబెట్టుకోని, రవంత ఎడమకు తిరుగే, రవంత కుడికి తిరుగే అంటా, వారం పట్టే చీరను ఒక్క దినంలో నేసి దించినాడు. ఆ చీరలో నా వెలుగు కూడా పోగుల్లో కలిసిపోయిందంట. అది కట్టుకున్నామె పెరట్లోకి పోతే చాలు, ఉతికిన బట్టలు ఆరిపోయేవి."

హమీదాబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హులిగమ్మ అదేమీ పట్టించుకోలేదు. రాట్నం సవ్వడి మీద ఆమె గొంతు ఊయల ఊగినట్టు సాగింది.

"ఇట్లుండంగా ఆస్పరిలో మా చెల్లెలింటికి పోతాండా. బస్సు కిటికీ పక్కన కూసున్నా. రోడ్డుకు అటుపక్క ఇటుపక్క పొద్దుతిరుగుడు సేన్లు, పసుపు ఆరబోసినట్లుండాయి. అవి అన్నీ ఒకసారిగా నా పక్కకు తిరిగినాయి. బస్సు ముందుకు పోతే అవీ ముందుకు తిరుగుతాండాయి. మలుపు తిరిగితే అవీ మలుపు తిరిగినాయి. ఏసన్న అనే రైతు బస్సుకు అడ్డం పడి, అమ్మా, నీకు పుణ్యముంటాది, పూల మెడలు మెలి పడతాండాయి, దిగి సరిజేసి పో అన్నాడు. దిగినా. సేను సుట్టూ ఎనక్కి తిరిగి, మెల్లగా, సూలింతను నడిపించినట్లు నడిచినా. ఒక్కో పువ్వు మెలి ఇడిపోతాంది. తేనెటీగలన్నీ నా ఎనకాలే, పిల్లోల్లు నిద్రలో మూలిగినట్లు మూలుక్కుంటా వస్తాండాయి. గాలి కూడా అడుగులు సప్పుడు కాకుండా నడిచింది ఆ పొద్దు."

"పూలు ఏమన్నా మాట్లాడినాయా?" అంది హమీదాబీ.

"పూలు యాడన్నా మాట్లాడతాయా. నేను అబద్ధం సెప్పను. తల ఊపినాయి, అంతే."

అశ్విని కళ్లు మూసుకుంది. ఇరవై రోజులుగా ఆ కళ్ల ముందు కమిలిన చెంపలు తప్ప ఇంకోటి కదల్లేదు. ఇప్పుడు పసుప్పచ్చటి చేను ఒకటి కదిలింది. అది చెదరకుండా ఉండాలని ఊపిరి మెల్లగా పీల్చుకుంటూ, కుర్చీని చప్పుడు కాకుండా కర్టెను దగ్గరికి జరుపుకుంది.

"ఆదోని మార్కెట్టుకు పోయింది సెప్పినానా? పత్తి కుప్పల కాడ నిలబడితే, తెల్లారిందనుకోని పత్తి లేసింది. లేసి, గాల్లో తేలుకుంటా పైకి పోయింది. జనం నిచ్చెనలేసి పట్టుకున్నది పట్టుకున్నారు. అందనిది అట్లనే మీద ఉండిపోయింది. అదిగో, ఈ పొద్దు పట్టిన మబ్బు ఆ పత్తే."

మేరి, హమీదాబీ ఇద్దరూ తలెత్తి చూశారు. మబ్బు నిజంగానే దూది పరుపులా, మెత్తగా, ఇంటి కప్పులకు తగిలేంత కిందికి దిగి ఉంది.

"ఇదంతా సూసి సూర్యుడు ఒక దినం రాల్యా," అంది హులిగమ్మ.

"రాల్యా?" అంది మేరి.

"యాల వస్తాడు. ఈడ పని జరుగుతాండాది. పుట్టినప్పట్నుంచి ఒక్క ఆదివారం ల్యాకపాయె ఆయప్పకు. ఊర్లోల్లు వచ్చి, అమ్మా, ఈ పొద్దు నువ్వే నడపల్ల అన్నారు. సరేనని తుగ్గలి కాడ లేసి, పడమటికి నడిచినా. నా ముందర ఊర్లలో కోళ్లు కూస్తాండాయి, నేను దాటిన ఊర్లలో దీపాలు పెడతాండారు. ఆస్పరికి వచ్చేతలికి మధ్యాహ్నమైంది. మా చెల్లెలు ఆకేసింది. అది ఒడ్డిస్తానే ఉండాది, నేను తింటానే ఉండా, మధ్యాహ్నం మూడు గంటలసేపు కదల్యా. సేన్లలో కూలోల్లు మనిషిని పంపినారు, అమ్మా, సెయ్యి కడుక్కో, మేము ఇండ్లకు పోవల్ల అని. లేసి నడిచినా. నీడలు పొడుగైతా వచ్చినాయి. హాలహర్వి సేరేతలికి సాయంత్రం. మా ఇంటి వాకిట్లో మా అమ్మ కూసోనుండాది."

"మీ అమ్మ అప్పటికే పోయింది కదా వదినా," అంది హమీదాబీ మెల్లగా.

"పోయింటే ఏం. కూసోనుండాది." హులిగమ్మ చెయ్యి రాట్నం మీద నెమ్మదించింది. "నా మొగం రెండు సేతులతో పట్టుకోని సూసింది. నేను పొద్దయి వచ్చినానని ఆమెకు తెలీదు. నల్లబడినావు కదమ్మా అన్నాది. రవంతసేపు కూసో అన్నాది. నేను ఇంట్లోకి పోతే పొద్దు గూకుతాది కదా, అందుకని గడప మీదే కూసున్నా. ఆ దినం హాలహర్విలో సాయంత్రం ఎంతసేపు ఉండాదో లెక్కల్యా. ఎర్రగా, సల్లగా. మేకలు ఇండ్లకు పోకుండా దావలోనే నిలబడిపోయినాయి. మా అమ్మ నా తల నిమురుతానే ఉండాది."

పక్కింటి మగ్గం కూడా ఎందుకో ఆగి ఉంది. మేరి మెట్టు మీద మోకాళ్లు చుట్టుకుని కూర్చుంది.

అశ్విని ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ఆ కథ వెంటే హాలహర్వి దాకా నడిచి, అక్కడ ఒక చోట కాలు తట్టుకుని ఆగింది. ఆ తట్టుకున్నదేదో అడిగితే తప్ప మనసు ఊరుకోలేదు. కర్టెను పక్కకు తోసి అరుగు మీదికి వచ్చింది. చున్నీ భుజాల మీదికి జారిపోయి ఉంది.

"అవ్వా, మరి ఇంటికి ఎట్ల వచ్చినావు?"

"ఎట్ల అంటే ఏం పాపా. నడిసొచ్చినా."

"హాలహర్వి నుంచి ఈడికి రావల్లంటే తూర్పుకు నడవల్ల కదా. నువ్వు పడమటికి నడిస్తే పొద్దు వాలింది. తూర్పుకు నడిస్తే సాయంత్రం పోయి మళ్లా మధ్యాహ్నం కావల్ల, మధ్యాహ్నం పోయి పొద్దన కావల్ల. ఆస్పరి కూలోల్లు మళ్లా సేన్లోకి పోయినారా?"

రాట్నం ఆగింది.

"బస్సులో వచ్చినా," అంది హులిగమ్మ.

"బస్సయినా తూర్పుకే కదవ్వా."

హమీదాబీ నవ్వు ఆపుకోలేక వెనక్కి వాలితే బుట్టలో గాజులన్నీ గలగలమన్నాయి. హులిగమ్మ చేతిలోని కండెను ఒళ్లో పెట్టుకుని, "ఎంతమందికో సెప్పినా ఈ మాట," అంది, కోపం లేకుండా, ఆలోచనగా. "ఒక్కరన్నా అది అడగల్యా."

అప్పుడు చూసింది అశ్విని, మేరి తన ముఖం వైపే చూస్తోందని. చెయ్యి చున్నీ మీదికి పోయింది. మేరి చూపు తిప్పుకోలేదు.

"మండుతాందా?" అంది.

"ఇప్పుడు తగ్గిందక్కా. మచ్చలు పోయేదానికే శానా దినాలు పడుతాదంట."

"అయితే నా కనుబొమ్మలు తీయి. ఆదివారం మా అక్క మనవరాలి బాప్తిస్మం ఉండాది."

"ఈ మొగం పెట్టుకోనా?"

"నీ మొగంతో నాకేం పని. నీ సెయ్యి బాగుండాది కదా."

అశ్విని లోపలికి పోయి కుర్చీ తెచ్చి, వెలుతురు పడేట్టు అరుగు మీద వేసింది. దారం ఒక కొస పళ్ల మధ్య పట్టుకుంటేనే కనుబొమ్మలు తీయడం కుదురుతుంది. ముక్కు దాకా చున్నీ చుట్టుకుంటే అది కాదు. చున్నీ తీసి తలుపు గొళ్లేనికి తగిలించింది. మేరి తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. వీధిలో పోతున్న ఇద్దరు ఆడవాళ్లు చూసి, నడక నెమ్మదించి, వెళ్లిపోయారు. అశ్విని చెయ్యి రెండు మూడు వెంట్రుకలు తీసేసరికి పాత వేగం అందుకుంది.

హులిగమ్మ మాత్రం ఇంకా రాట్నం ముట్టలేదు. పడమటి వైపు చూస్తూ, వేళ్లతో గాలిలో దారి గీసుకుంటోంది.

"పాపా," అంది. "మొగం పడమటికే పెట్టుకోని, ఎనక్కి ఎనక్కి నడిసొచ్చినా అంటే సరిపోతాదా?"

పళ్ల మధ్య దారం ఉండి అశ్విని మాట్లాడలేకపోయింది. తల అడ్డంగా ఊపింది.

"ఊపొద్దు తల్లీ," అంది మేరి కళ్లు తెరవకుండానే. "నా కనుబొమ్మ పోతాది."