నూట నలభయ్యో సంతకం

అదేంటి సార్, నూట నలభై సంతకాలున్న అర్జీ రెండు నెలలు మీ బల్ల మీద పడుంటే ఒక్క అక్షరం కనబడలేదు గానీ, అందులో ఒక్క సంతకం తేడాగా ఉందని ఎవరో చెవిలో ఊదగానే కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారే!

కూర్చోనులెండి. నిలబడే మాట్లాడతా. మీ కౌంటర్ల ముందు నిలబడీ నిలబడీ అలవాటైపోయింది.

ఆ, చూశాను. పక్కపక్కనే పెట్టారుగా. ఇటు మీ హాజరు పుస్తకం, అందులో మా అమ్మ వేలిముద్ర. అటు మా అర్జీ, అందులో మా అమ్మ పేరు, గుండ్రంగా, కింద గీతతో సహా. పదకొండేళ్లుగా ఈ ఆఫీసు ఊడుస్తున్న మనిషికి ఉన్నట్టుండి చదువొచ్చేసిందా అని అందరూ నవ్వుకున్నారట. నవ్వుకోండి. కానీ రేపట్నించి పనిలోకి రావద్దని కూడా చెప్పేశారు చూడండి, అది మాత్రం నవ్వులాటకి చెప్పలేదు.

ఆ సంతకం నేనే పెట్టాను. లేదనడం లేదు.

కానీ మేం అడిగిందేంటి సార్? మీ సూపరింటెండెంట్ కుర్చీ అడిగామా? కింద ఆడవాళ్ల బాత్రూంకి వేసిన తాళం తీయమన్నాం. లోపలేమో పాత ఫైళ్ల కట్టలు, కాళ్లు విరిగిన కుర్చీలు. తాళంచెవి స్టోర్ కీపర్ దగ్గరుందని మీరంటారు. ఆయన్ని అడిగితే మీ దగ్గరుందంటాడు. లైన్లో ఉన్న ఆడవాళ్లు బస్టాండు దాకా వెళ్లొచ్చేసరికి వాళ్ల వంతు కాస్తా దాటిపోతుంది. ఒక ముసలావిడ నా పెన్ను చేతిలోకి తీసుకుని, "సంతకం పెడితే ఇప్పుడే తీస్తారా తల్లీ? నేనైతే రేపటిదాకా ఆగలేను" అంది. మీకు నవ్వొస్తోంది కదా? మాకూ వచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

మా అమ్మ సంగతి చెప్పనా? పొద్దున ఆరింటికి వస్తుంది, మధ్యాహ్నం రెండింటికి వెళ్తుంది. ఆ మధ్యలో గుక్కెడు మంచినీళ్లు ముట్టదు. తాగితే మళ్లీ వెళ్లాలిగా! డాక్టరమ్మ రెండుసార్లు మందులు రాసిచ్చి, నీళ్లు బాగా తాగమని చెప్పింది. అమ్మ అలాగేనని తలూపి వచ్చింది. ఇదిగో, మీ వెనకాల తలుపుందే, మీ సొంత బాత్రూం, దాన్ని రోజూ కడిగేది ఆవిడే. కడగొచ్చట, వాడకూడదట! ఈ రూలు ఏ పుస్తకంలో ఉందో అదీ తెచ్చి ఈ రెండిటి పక్కన పెట్టండి మరి.

మెల్లగా మాట్లాడాలా? ఎందుకూ? నాకు "మైకు" అని పేరు పెట్టింది మీవాళ్లే కదా! మైకు మెల్లగా మాట్లాడితే ఇంకెవరికి వినబడుతుంది సార్?

సరే, సంతకం దగ్గరికే వస్తా. నేను మూడో తరగతిలో ఉండగా ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ వేలిముద్ర వేసిచ్చింది. మా టీచరు దాన్ని క్లాసంతా తిప్పి చూపించింది. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. అప్పుడు అమ్మే అంది, "నా పేరు నువ్వే గీకెయ్యవే, పీడా పోతుంది" అని. ఇక అప్పట్నించీ నేనే. స్కూల్లో నేనే, ఆసుపత్రిలో నేనే, కరెంటాఫీసులో నేనే. అమ్మ సంతకమంటే మా ఇంట్లో నా చేతిరాతే సార్. మీ హాజరు పుస్తకమొక్కటే నా చేతికి రాలేదు.

ఈ కాగితమేంటి? ఓహో, టైపు కూడా కొట్టించి ఉంచారే! "అర్జీలోని సంతకాలన్నీ నేనే పెట్టాను. అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను. నా తల్లిని క్షమించి పనిలోకి తీసుకోగలరని ప్రార్థన." బావుంది. దొంగ సంతకం పెట్టావని పిలిపించి, దొంగ మాటల కింద సంతకం పెట్టమంటున్నారు! పెడితే అమ్మ రేపు ఆరింటికి చీపురు పట్టుకోవచ్చు. అంతేగా బేరం?

పెట్టను.

ఒక్కటి నాది. నూట ముప్ఫై తొమ్మిది వాళ్లవి. అవి దొంగవని అనాలంటే ఆ నూట ముప్ఫై తొమ్మిది మందినీ ఇక్కడికి పిలిపించండి. వస్తారు. కాకపోతే వచ్చినవాళ్లకి బాత్రూం ఎక్కడుందో చెప్పాల్సి వస్తుంది మీరు!

ఏమన్నారు? ఇంట గెలిచి రచ్చ గెలవమనా?

అమ్మ పెట్టమందా అని అడుగుతున్నారా...

సార్, ఒక్క నిమిషం. కిటికీ తీయొచ్చా?

పెట్టమనలేదు. అడిగాను. వద్దంది. ఒకసారి కాదు, రెండుసార్లు. "నీకు మీటింగులు, నాకు పని. నన్ను లాగకే" అంది. నేనేమన్నానో తెలుసా? "నీలాంటి పిరికివాళ్ల వల్లే వీళ్లు ఇలా తయారయ్యారు" అన్నాను. పదకొండేళ్లు మీ అందరి మురికీ కడిగి నన్ను చదివించిన మనిషిని పిరికిదన్నాను. అమ్మ అన్నం వడ్డించి అవతలికి వెళ్లిపోయింది.

లైన్లో ఒక్కొక్కళ్లనీ, "మీకిష్టమైతేనే పెట్టండి, బలవంతం లేదు" అని మరీ అడిగాను సార్. ముక్కూమొహం తెలీని వాళ్లకి అంత మర్యాద! లెక్కపెడితే నూట ముప్ఫై తొమ్మిదయ్యాయి. చూడ్డానికి బాలేదనిపించింది. అంతే. నూట నలభై అయితే నిండుగా ఉంటుందని అమ్మ పేరు గీకేశాను, నా పేరు పెట్టొచ్చని తట్టనే లేదు. పోరాటమూ లేదు, పాడూ లేదు. అంకె బాలేదని పెట్టాను.

ఇదిగో, నా తెల్లకాగితం నేనే తెచ్చుకున్నా. చివరి సంతకం నాది, మా అమ్మకి తెలియకుండా పెట్టాను, శిక్ష ఏదైనా నాకే అని రాశాను. కింద ఉన్నది నా పేరు. ఈ గొడవలో మొదటిసారి పెట్టాను కదా, కాస్త వంకరగా వచ్చింది. అర్జీలో అమ్మ పేరు కొట్టేయండి. అర్జీ మాత్రం ఎక్కడికీ పోదు. వచ్చే సోమవారం మళ్లీ వస్తాం, ఆ పై సోమవారం కూడా వస్తాం.

అమ్మ ఉద్యోగం గురించి రెండు ముక్కలు కలిపి రాయమంటారా? ఆవిడ తరఫున బతిమాలుతూ?

ఆ ఒక్కటీ నా వల్ల కాదు సార్. పొగరు కాదు. అమ్మ బయట బెంచీ మీదే ఉంది. నేను లోపలికొస్తుంటే చెయ్యి పట్టుకుని ఒకే ఒక్క మాట అంది, "ఇక నా పేరు మీద ఏమీ రాయకు" అని.

మీరే లోపలికి పిలిచి అడగండి. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చోబెట్టి అడగండి. ఏం చెబుతుందంటారా?

నాకేం తెలుసు సార్! ఇన్నేళ్లూ అమ్మ మాటలన్నీ నేనే మాట్లాడేశానుగా.